దూరస్థ భాండారములలో పేర్ల పట్టిక: ఒక ఆలస్యపు చరిత్ర

కర్నల్ కాలిన్ మెకంజీ 1821లో కలకత్తాలో మరణించునాటికి ఆయన కూర్చిన వ్రాతప్రతులు, గ్రామ కైఫీయతులు, శాసనముల నకళ్లు పెద్ద రాశిగా నుండెను. కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులును, వారితోడి సహాయకులును తెలుగు, తమిళ, కన్నడ దేశములలో ఊరూర తిరిగి సంపాదించిన సామగ్రి యది. ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారి పూర్వచరిత్రకు నేటికిని అది ముఖ్యమైన ఆధారము. అందు ఏమేమి గలవో తెలుపు పట్టికను హోరేస్ హేమన్ విల్సన్ 1828లో ప్రకటించెను. విల్సన్ గొప్ప సంస్కృతపండితుడే కాని దక్షిణదేశభాషలు ఎఱిగినవాడు కాడు. దేశీయ సహాయకులు వ్రాసియిచ్చిన సంగ్రహములే ఆయనకు ఆధారము. ఇంతలో గ్రంథములు ఒకచోట నిలువలేదు. కొంతభాగము లండను చేరెను. దక్షిణభాషా గ్రంథములు మద్రాసునకు తరలెను. మద్రాసులో విలియం టెయిలర్ ప్రతులను మరల పరిశీలించి, 1857 మొదలు 1862 వఱకు మూడు సంపుటములుగా మఱియొక పట్టిక ప్రకటింపవలసి వచ్చెను.

పేరు తెలియుట యొకటి. ఆ పేరుగల గ్రంథము ఎన్ని పత్రములది, ఎన్నడు వ్రాసినది, ఏ స్థితిలో నున్నది అని తెలియుట వేఱొకటి. మొదటిది పట్టికను చూచిన తెలియును. రెండవదానికి అరవద్దకు పోయి, కట్ట విప్పి చూడవలెను. అర ప్రక్కగదిలో నున్నచో శ్రమ లేదు. అది వేఱొక పట్టణమున నున్నచో ప్రతి పేరునకు ఒక ప్రయాణము తప్పదు.

నేడు ఆ గ్రంథముల ఛాయాచిత్రములు కంప్యూటర్లలో నిలువయున్నవి. తంజావూరు, మద్రాసు, హైదరాబాదు, లండను అను భేదము చూచువానికి తెలియకుండ, దూరపు యంత్రముల డిస్కులను తన బల్లమీది యంత్రములోని డిస్కువలె కనబఱచు ఏర్పాట్లు కలవు. వానికి నెట్‌వర్కు ఫైలు వ్యవస్థలని పేరు. వీనియందు పెద్ద గ్రంథమును తెఱచుట సులభము, వేగముగనే వచ్చును. కాని “ఈ డైరెక్టరీలో ఏమేమి కలవు?” అను సామాన్యమైన ప్రశ్న యడిగినప్పుడు తెర కదలక నిలిచిపోవును. డైరెక్టరీ యనగా ఫైళ్ల పేర్లు గల అర. ఆ అరలో వేలకొలది పేర్లున్నచో నిమిషములు గడచును. ఈ యనుభవము గలవారు యంత్రము పాతదనియో, తీగ మంచిది కాదనియో తలచుట సహజము. అసలు కారణము అందులో లేదు. అది 1969 నాటి ఒక నిర్ణయమునందున్నది. నాటి పరిస్థితికి ఆ నిర్ణయము మంచిదే.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు 1969లో యూనిక్స్ వ్యవస్థకు పునాది వేసిరి. వారు ఫైలు పేరును, ఫైలు లక్షణములను వేఱు చేసిరి. కొలదికాలమునకు స్థిరపడిన రూపమున డైరెక్టరీలో ఒక్కొక్క పద్దునకు 16 బైట్లు మాత్రమే: 2 బైట్లు ఒక సంఖ్యకు, 14 బైట్లు పేరునకు. ఫైలు పరిమాణము, యజమాని, మార్చిన తేదీ, చదువుటకు ఎవరికి అధికారము గలదు అను సంగతులన్నియు డిస్కుపై వేఱొకచోట, ఐనోడ్ అను చిన్న నిలువయం దుండెను. పేరు ప్రక్కనున్న సంఖ్య ఆ ఐనోడ్ సంఖ్యయే. ఇందువలన ఒకే ఫైలునకు రెండు మూడు పేర్లు పెట్టుట సాధ్యమయ్యెను. పేరు మార్చినను ఫైలు కదలనక్కఱలేకపోయెను. గ్రామ కరణము పేర్ల చిట్టా నొకటిగా, భూమి వివరముల అడంగలు నొకటిగా వ్రాసి, రెంటిని సంఖ్యతో కలిపినట్టి పద్ధతి యిది.

దీనికి భిన్నమైన మార్గము లేకపోలేదు. 1980 తరువాత చిన్న కంప్యూటర్లలో వ్యాపించిన డాస్ వ్యవస్థలో డైరెక్టరీ పద్దు 32 బైట్లు. అందులోనే పేరు, పరిమాణము, తేదీ, లక్షణములు అన్నియు నుండెను. చిట్టాయు అడంగలును ఒకటే పుస్తకమన్నమాట. ఆ వంశమునుండి వచ్చిన ఎస్.ఎం.బి. అను నెట్‌వర్కు పద్ధతిలో పేర్లడిగినప్పుడు లక్షణములు కూడ కలిసియే వచ్చును. యూనిక్స్ వంశమున అట్లు కాదు. పేర్లు ఒక ప్రశ్న, ప్రతి పేరు యొక్క లక్షణములు మఱియొక ప్రశ్న.

ఒకే యంత్రములో డిస్కు ప్రక్కనే యున్నంతకాలము రెండవ ప్రశ్న కష్టము కాదు. పట్టిక చూపు ఎల్.ఎస్. అను చిన్న ఆదేశము దీనిపైననే అలవాటు పడినది. ఆ ఆదేశము పేర్లను మాత్రమే చూపుమన్న ఒక రీతిగా, వివరములతో చూపుమన్న వేఱొక రీతిగా పనిచేయును. వివరములు కోరినప్పుడు అది మొదట పేర్లన్నియు చదివి, తరువాత ఒక్కొక్క పేరునకు స్టాట్ అను ప్రశ్న వేయును. ఒక ప్రశ్నకు సమాధానము వచ్చిన తరువాతనే రెండవ ప్రశ్న. అంతేకాక పేర్లను అకారాదిగా సర్దిన పిమ్మటగాని ఒక్క పేరైనను తెరపై చూపదు. కనుక కడపటి పేరు వచ్చువఱకు మొదటి పేరు కూడ కనబడదు. తరువాతి కాలమున లినక్స్ ప్రచురణకర్తలు పట్టికకు రంగులద్దిరి: డైరెక్టరీకి నీలము, నడపదగిన ఫైలునకు ఆకుపచ్చ. కన్నులకు ఇంపుగానే యుండును. కాని ఒక ఫైలు నడపదగినదో కాదో తెలియుటకు దాని లక్షణములు అడుగవలెను. అనగా పేర్లు మాత్రమే చాలునన్నవానికి కూడ రంగుకొఱకు ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క ప్రశ్న పడుచున్నది. అలంకారమునకు ఇంత మూల్యమని చెప్పువారు లేక, ఎందఱో ఈ ఆలస్యమును దైవికమని సహించిరి. చిత్రముల చిన్న ఛాయలను చూపెడు కిటికీ పద్ధతి యింకను అన్యాయము. అది ప్రతి ఫైలును తెఱచి లోపలి భాగమును కొంత చదువును.

డిస్కునకును చూచువానికిని మధ్య దూరము ప్రవేశించినది 1980 తరువాత. కాలిఫోర్నియాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో తయారుచేసి 1985లో లోకమునకిచ్చిన ఎన్.ఎఫ్.ఎస్. ఇందు ముఖ్యము. దాని ప్రణాళికను రస్సెల్ శాండ్‌బర్గ్ మొదలైన ఐదుగురు 1985లో వ్యాసరూపమున వివరించిరి. ఫైళ్లు నిలువయుండు యంత్రమునకు సర్వరని పేరు. ఎవరు ఏ ఫైలు తెఱచిరో సర్వరు ఏమియు జ్ఞాపకముంచుకొనరాదనునది ఈ వ్యవస్థలోని మూలసూత్రము. సర్వరు ఆగిపోయి మరల లేచినను అడుగువాడు తన ప్రశ్నను మరల వేసికొనును, నష్టము లేదు. ఈ నిరాడంబరత వలననే ఎన్.ఎఫ్.ఎస్. దేశదేశములలో పాదుకొన్నది.

ఆ సూత్రమునకు మూల్యము పట్టికవద్ద చెల్లింపవలసివచ్చెను. డైరెక్టరీ పెద్దదైనచో పేర్లన్నియు ఒక్క ఉత్తరములో పట్టవు. కొన్ని పేర్లు పంపి, “ఇంతవఱకు చదివితివి” అని సర్వరు ఒక గుర్తు ఇచ్చును. దానికి కుకీ యని పేరు. సర్వరునకు జ్ఞాపకము లేదు గనుక, అడుగువాడు ఆ గుర్తును తిరిగి చూపి తరువాతి పేర్లు కోరవలెను. నడుమ ఎవరైన ఆ డైరెక్టరీలో ఫైలు చేర్చినను తీసివేసినను, గుర్తు ఎచ్చట నిలుచునో చెప్పుట కష్టము. ఒక పేరు రెండుమారులు రావచ్చును, ఒక పేరు తప్పిపోవచ్చును. పేర్లు వచ్చినపిదప లక్షణముల ప్రశ్నలు ఆరంభమగును, పేరునకొకటి చొప్పున.

లెక్క చూచిన విషయము స్పష్టమగును. ఒకే భవనములో ఒక ప్రశ్న పోయి సమాధానము వచ్చుటకు 1 మిల్లీసెకండు పట్టుననుకొన్న, 10,000 ఫైళ్ల డైరెక్టరీకి 10 సెకండ్లు. ముంబయిలోని తెలుగువారు హైదరాబాదునందలి సర్వరును చూచుచున్నారనియు, పోకరాకకు 20 మిల్లీసెకండ్లనియు అనుకొన్న 200 సెకండ్లు, అనగా మూడు నిమిషములకు పైన. హైదరాబాదునకు న్యూయార్కు సుమారు 13,000 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకండునకు రమారమి 2,00,000 కిలోమీటర్లు పోవును. తీగ నిట్టనిలువుగా నున్నదనుకొన్నను పోకరాకకు 130 మిల్లీసెకండ్లు కావలెను. పదివేల ప్రశ్నలకు 1,300 సెకండ్లు, ఇరువదియొక్క నిమిషములు దాటును. తీగను ఎంత వెడల్పు చేసినను ఈ లెక్క తగ్గదు. వెడల్పైన బాటలో ఒక్కసారి ఎక్కువ బండ్లు పోవునుగాని, ఒక్కొక్క బండి తిరిగివచ్చిన తరువాతనే రెండవ బండి కట్టుదుమన్నచో బాట వెడల్పుతో నిమిత్తము లేదు. ధనము వెచ్చించి వేగమైన తీగ వేయించినవారు పట్టికవద్ద నిరాశపడుట కిదియే కారణము.

సన్ వారు ఈ బాధను ఆదిలోనే గుర్తించిరి. అడుగు యంత్రము ఒకమారు తెలిసికొన్న లక్షణములను కొద్దికాలము తనయొద్ద దాచికొనునట్లు చేసిరి. ఎన్.ఎఫ్.ఎస్. లో సాధారణముగ ఫైలు లక్షణములు కనీసము 3 సెకండ్లు, డైరెక్టరీ లక్షణములు 30 సెకండ్లు దాచబడును. గరిష్ఠము 60 సెకండ్లు. అంతవఱకు ప్రశ్న వెళ్లదు. ఆ కొద్ది సెకండ్లలో సర్వరువద్ద మార్పు జరిగినను చూచువానికి పాత సమాధానమే కనబడును. వేగము లభించినది; తాజాతనము కొంత పోయినది. తరువాత ముప్పదియేండ్ల చరిత్రలో ఈ బేరమే మాటిమాటికి కనబడును.

అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము ఇదే కాలమున వేఱొక త్రోవ త్రొక్కెను. ఐ.బి.ఎం. సంస్థ సహకారముతో ఆరంభమైన ఆ ప్రయత్నమునకు ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్‌ల పేరిట ఆండ్రూ అని నామకరణము చేసిరి. విశ్వవిద్యాలయమంతటికిని, అనగా 5,000 యంత్రములకు పైగా, ఒకే భాండారము వారి లక్ష్యము. మొదటి నమూనాలో సుమారు 100 యంత్రములకు 6 సర్వర్లు పనిచేసెను. ఫైలు మొత్తమును తెచ్చి తనయొద్ద ఉంచుకొని, తెఱచినప్పుడెల్ల “ఇది ఇంకను చెల్లుచున్నదా?” అని సర్వరు నడుగుట ఆ నమూనా పద్ధతి.

నమూనా మందముగా నడచెను. నిర్మాతలు ఊహలతో తృప్తిపడక లెక్క పెట్టిరి. జాన్ హోవార్డ్, మహదేవ్ సత్యనారాయణన్ మొదలైన ఏడుగురు 1988లో ప్రకటించిన వ్యాసములో ఆ లెక్క కలదు. సర్వరునకు వచ్చిన ప్రశ్నలలో నూటికి 61.7 పాళ్లు, ఉన్న ప్రతి చెల్లునా యని యడుగునవి. 26.8 పాళ్లు ఫైలు స్థితిని తెలుపుమని యడుగునవి. ఫైలును నిజముగా తెచ్చుకొనుటకు వచ్చినవి 4 పాళ్లు. వ్రాసి పంపుటకు వచ్చినవి 2.1 పాళ్లు. గ్రంథాలయమునకు వచ్చిన నూఱుగురిలో నలుగురు మాత్రమే పుస్తకము తీసికొనగా, ఇంచుమించు తొంబదిమంది అది యున్నదా, ఎట్లున్నది యని కిటికీవద్ద అడిగి వెడలిరన్నమాట. భాండారపు భారమంతయు పుస్తకములవలన కాక ప్రశ్నలవలన కలుగుచున్నదని ఇంత తేటగా లెక్క చెప్పిన వ్రాతలు అరుదు. ఈ సత్యనారాయణన్ మద్రాసు ఐ.ఐ.టి. లో విద్య ముగించి పిట్స్‌బర్గు చేరినవాడు.

లెక్క తేలినపిదప ప్రశ్నల దిశను తలక్రిందులు చేసిరి. అడుగువాడు మాటిమాటికి అడుగుటకు బదులు, “ఈ ఫైలు మారినచో నేనే కబురు పంపుదును” అని సర్వరు మాటయిచ్చును. ఆ మాటకు కాల్‌బ్యాక్ అని పేరు పెట్టిరి. కబురు రానంతవఱకు దాచుకొన్నది చెల్లును. సన్ వారి సర్వరు ఏమియు జ్ఞాపకముంచుకొనదు. ఆండ్రూ సర్వరు ఎవరికి ఏ మాట యిచ్చెనో జ్ఞాపకముంచుకొనవలెను. డైరెక్టరీ కూడ మొత్తముగా తెచ్చుకొని దాచదగినదే కనుక పేర్ల ప్రశ్న రెండవమారు వెళ్లనక్కఱలేదు. అయినను మొదటిమారు చూచువానికి ఒక్కొక్క ఫైలు స్థితి ఒక్కొక్క ప్రశ్నగానే యుండుటచే, ఏబది వఱకు ఫైళ్ల స్థితులు ఒకే ప్రశ్నలో నడుగు మార్గమును ఈ వ్యవస్థకు చేర్చిరి. పదివేల పోకరాకలు రెండువందలకు దిగును.

ఎన్.ఎఫ్.ఎస్. వంశములో ఇట్టి సంస్కరణకు 1995 వఱకు ఆగవలసివచ్చెను. ఆ సంవత్సరము జూనులో వెలువడిన మూడవ ప్రమాణమునందు రీడ్‌డిర్‌ప్లస్ అను క్రొత్త ప్రశ్న ప్రవేశించినది. పేర్లతోపాటు లక్షణములను కూడ ఒకేసారి యిమ్మని దాని భావము. పాతిక సంవత్సరములకు ముందు వేఱుపడిన చిట్టా, అడంగలు తీగమీద మరల కలిసినవి. ఇక కష్టము తీరినదని తోచును. కాని డిస్కుపై అవి ఇంకను వేఱుగనే యున్నవి గదా. పేర్లు మాత్రమే కావలసినవాడు ఈ క్రొత్త ప్రశ్న వేసినచో, సర్వరు వాని కక్కఱలేని వేలకొలది ఐనోడ్లను డిస్కు నలుమూలలనుండి ఏఱి తేవలెను. ఒకనికి మేలైనది మఱియొకనికి చేటయ్యెను. అందుచే లినక్స్ యంత్రములలో చూచువాని నడతనుబట్టి, లక్షణములు అడుగుచున్నాడా లేదా యని కనిపెట్టి, ఏ ప్రశ్న వేయవలెనో ఊహించు పద్ధతి ప్రవేశపెట్టిరి. ఊహ తప్పినప్పుడు ఆలస్యము మరల తలయెత్తును. దీనిని పూర్తిగా మానిపింపగల ఏర్పాటు కూడ నిర్వాహకునికి విడిచిరి. 2000 తరువాతి నాల్గవ ప్రమాణములో, ఏయే లక్షణములు కావలెనో ఏఱి యడుగు వీలు కల్పించిరి. ఇది సమంజసమైన మార్గము.

ఒకే సర్వరున్నంతవఱకు కథ యిది. ఫైళ్లను అనేక సర్వర్లకు పంచినప్పుడు క్రొత్త చిక్కు వచ్చెను. పీటర్ బ్రామ్ 1999లో కార్నెగీ మెలన్‌లోనే ఆరంభించిన లస్టర్ అను వ్యవస్థ (లినక్స్, క్లస్టర్ అను మాటల కలయిక యది) 2003లో మొదటి పూర్ణరూపము దాల్చి, ప్రపంచములోని మహాయంత్రములనేకములకు భాండారమయ్యెను. ఇందు పేర్లు ఒక సర్వరునందును, ఫైళ్లలోని విషయము ముక్కలుగా అనేక సర్వర్లయందును ఉండును. ఒక ఫైలు ఎంత పెద్దదో పేర్ల సర్వరునకు తెలియదు. ఆ ముక్కలున్న ప్రతి సర్వరును అడిగి, కూడి, చెప్పవలెను. అందుచే గంటకు కోటానుకోట్ల లెక్కలు చేయు యంత్రములవద్ద కూర్చున్న విజ్ఞానులు సైతము పట్టికకై ఎదురుచూచిరి. చూచువాడు వరుసగా స్టాట్ ప్రశ్నలు వేయుచున్నాడని గ్రహించి రాబోవు ప్రశ్నలను ముందుగనే పంపు ఉపాయమొకటి చేర్చిరి. 2018లో వచ్చిన 2.12 సంచికయందు, పేర్ల సర్వరే పరిమాణమును ఉజ్జాయింపుగా వ్రాసియుంచుకొను ఏర్పాటు చేసిరి. ఉజ్జాయింపని వారే స్పష్టముగా చెప్పిరి.

పేర్ల సర్వరే అక్కఱలేదన్న మతము గలవారును కలరు. గ్లస్టర్ అను వ్యవస్థ ఆ మతమునకు చెందినది. దానిని 2011లో రెడ్ హ్యాట్ సంస్థ కొనెను. పేరును ఒక గణితసూత్రమున పెట్టిన ఆ ఫైలు ఏ అరలో నున్నదో తేలును. కావున పేరు తెలిసినవానికి వెదకులాట లేదు. పేరు తెలియనివాని గతి యేమి? డైరెక్టరీ అన్ని అరలలోను ఉండును, దానిలోని పేర్లు మాత్రము అరలకు పంపకమైయుండును. పట్టిక కావలెనన్న ప్రతి అరను వరుసగా తట్టవలెను. అరలు పెరిగినకొలది పుస్తకమందుట సుఖము, పట్టిక చూచుట దుఃఖము. అరలన్నిటిని ఒకేసారి తట్టు ఏర్పాటు 2017లో వచ్చినది.

ఇన్ని చికిత్సల వెనుక నున్న ఇరుకు యూనిక్స్ ప్రమాణముననే కలదు. స్టాట్ అను ప్రశ్నకు అన్ని లక్షణములు, అప్పటికప్పటివి, తప్పులేకుండ చెప్పవలెను. తేదీ చాలునన్నవానికి కూడ పరిమాణము వెదకి చెప్పవలెను. 2017లో లినక్స్ 4.11 సంచికతో స్టాటెక్స్ అను క్రొత్త ప్రశ్న వచ్చినది. కావలసిన లక్షణములే యడుగవచ్చును; సర్వరువఱకు పోక దాచియున్నదే చెప్పినను చాలునని కూడ తెలుపవచ్చును. డేవిడ్ హోవెల్స్ దీనికై 2010 నుండియే ప్రయత్నించెను. ఏడేండ్లు పట్టెను. ఒక ప్రశ్న రూపము మార్చుటకు ఇంతకాలమా యని వింతపడనక్కఱలేదు. లోకములోని ఎల్ల కార్యక్రమములును పాత ప్రశ్ననే వేయుచున్నవి, వాని నన్నిటిని తిరిగి వ్రాయించుట ఎవరి తరము?

తెలుగు పేర్లవద్ద ఈ విషయమునకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. యూనికోడ్ ప్రమాణమున తెలుగు అక్షరసంకేతములు నేడు సాధారణముగ వాడు యు.టి.ఎఫ్.-8 రూపములో ఒక్కొక్కటి 3 బైట్లు. ‘ఆంధ్రమహాభారతము’ అను పేరు 14 సంకేతములు, 42 బైట్లు. ‘స్త్రీ’ అను ఒక్క మాటయే ఆఱు సంకేతములు, 18 బైట్లు. 14 బైట్లు మాత్రమే పట్టు తొలినాటి యూనిక్స్ అరలో ఆ మాటకు చోటే లేదు. 1983 నాటి బర్క్‌లీ యూనిక్స్ పేరును 255 బైట్ల వఱకు పొడిగించెను. నేటికిని పెక్కు వ్యవస్థలలో అదియే హద్దు. ఇంగ్లీషులో 255 అక్షరములు పట్టునచోట తెలుగులో 85 సంకేతములే పట్టును. పేరు నిడివియైనకొలది ఒక్క ఉత్తరములో పట్టు పేర్లు తగ్గును, పోకరాకలు పెరుగును. గ్రంథనామము, కర్త, లేఖకుడు, ఊరు అన్నియు ఫైలు పేరులోనే చొప్పించు అలవాటు గలవారు దీనిని గమనింపవలెను.

ఇంతకంటె సూక్ష్మమైనది మఱియొకటి. ఐత్వపు గుర్తును యూనికోడ్ రెండు విధముల వ్రాయనిచ్చును: ఒకే సంకేతముగా నొకటి, ఎత్వమును దాని క్రింది గుర్తును కలిపిన రెండు సంకేతములుగా నొకటి. కంటికి భేదము లేదు. ఆపిల్ సంస్థ 1998లో తెచ్చిన హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపమున దాచెడిది. లినక్స్ యంత్రము ఇచ్చినదానిని ఇచ్చినట్లే దాచును. కావున ‘కైఫీయతు’ అను పేరుగల ఫైలు రెండు త్రోవలలో ఒకే సర్వరు చేరినచో, పట్టికలో ఆ పేరు రెండుమారులు కనబడవచ్చును. ఒక రూపముతో వెదకినవానికి రెండవది దొరకకపోవచ్చును. నకలు అనుకొని ఒకదానిని చెఱిపివేసినవాడు అసలునే పోగొట్టుకొను ప్రమాదము కలదు. మెకంజీ కైఫీయతుల చిత్రములను భద్రపఱచువారికి ఇది ఊహాజనితమైన భయము కాదు.

పిట్స్‌బర్గు కథకు తెలుగుదేశముతో సాక్షాత్సంబంధము కూడ కలదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి, లోకము రాజ్ రెడ్డి యని పిలుచు పండితుడు, అదే విశ్వవిద్యాలయమున ఆచార్యుడై 1994లో ట్యూరింగు పురస్కారము పొందెను. పది లక్షల గ్రంథముల ప్రణాళికకు ఆయన ముఖ్యప్రేరకుడు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. మొదలైన సంస్థలు అందు పాల్గొనెను. 2007 నవంబరునాటికి 15 లక్షలకు పైగా గ్రంథములు చిత్రించినట్లు ప్రకటించిరి. అందు తెలుగు గ్రంథములు వేలకొలదిగా నున్నవి. ఆ ప్రణాళికలో భారతదేశపు శాఖయైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత రూపమున నేడు లేదు. అందలి గ్రంథములు చాలభాగము ఇంటర్నెట్ ఆర్కైవునందు నకలై నిలిచినవి.

ఆ గ్రంథాలయములో ఒక్కొక్క పుట ఒక్కొక్క ఫైలు; పుటల సంఖ్యయే పేరు. గ్రంథమునకు సగటున 300 పుటలనుకొన్న 15 లక్షల గ్రంథములకు 45 కోట్ల ఫైళ్లు. ఒక గ్రంథము పుటలు ఒక డైరెక్టరీలో నుండుటచే ఏ డైరెక్టరీయు మితిమీరలేదు. గ్రంథములవారీగా కాక పుటలన్నియు ఒకేచోట పోసినచో దానిని తెఱచి చూచుట ఎవరికిని సాధ్యము కాదు. అమరిక ముందుగా ఆలోచించినవారికిని, దొరికినవన్నియు ఒక్క అరలో వేసినవారికిని గల భేదము ఇచ్చట బయటపడును.

అమరికకు మంచి ఉదాహరణము గిట్ అను లేఖనవ్యవస్థ. 2005లో వెలువడినది మొదలు అది తన వస్తువుల పేర్లలోని మొదటి రెండక్షరములనుబట్టి 256 డైరెక్టరీలుగా విభజించి దాచుచున్నది. లక్ష వస్తువులున్నను ఒక్కొక్క అరలో నన్నూటికి లోబడియే యుండును. బరంపురమునందో, బళ్లారియందో, యానామునందో పెద్దల దస్తావేజులను, పెండ్లిపత్రికలను, తాటియాకు ప్రతులను చిత్రించి దూరపు సర్వరులో దాచుకొనువారు ఊరిపేరుతోనో, సంవత్సరముతోనో, గృహనామపు మొదటి అక్షరముతోనో ఈ విధముగనే విభజింపవచ్చును. పుటలను విడివిడి ఫైళ్లుగా కాక గ్రంథమునకు ఒకే ఫైలుగా కట్టినచో మూడువందల ప్రశ్నలు ఒకటగును. ఎల్.ఎస్. ఆదేశమునకు సర్దవలదని, రంగు వలదని చెప్పు సంకేతములు కలవు. వానితో అడిగినచో పేర్లు వచ్చినవి వచ్చినట్లే తెరపై దిగును.

అన్నిటికంటె పాతది, చవుకయైనది మఱియొక ఉపాయము. సర్వరువద్దనే, డిస్కు ప్రక్కనున్న యంత్రముచేత, రాత్రివేళ పట్టికను ఒకమారు తయారుచేయించి, దానిని ఒక మామూలు ఫైలుగా అదే డైరెక్టరీలో పెట్టుట. పదివేల పేర్లు, పరిమాణములు, తేదీలు గల ఆ ఫైలు పది లక్షల బైట్లకు మించదు; న్యూయార్కులోని వానికైనను కొద్ది సెకండ్లలో చేరును. ఉదయము తరువాత చేరిన ఫైలు అందు కనబడదు. ఆ పట్టిక పైభాగమున తయారైన తేదీయు గంటయు వ్రాయుట మఱవరాదు.